మూర మూరకీ ఒక గాలం

పోయిన నెల దేవకి మా ఇంటికి వచ్చినప్పుడు పండ్ల సంచీతో పాటు తుప్పుపట్టిన బిస్కెట్ డబ్బా ఒకటి తెచ్చింది. దేవకి మా మునస్వామి మామ కూతురు. మామ అంటే చుట్టరికం ఏమీ లేదు. రాయపురంలో మా వీధిలోనే నాలుగిళ్ళ అవతల ఉండేవాడు, మా నాయనకి ప్రాణస్నేహితుడు. నాయన పోయి తొమ్మిదేళ్ళయింది, మామ ఈ ఏడే పోయాడు. ఇల్లు సర్దుతుంటే అటక మీద ఈ డబ్బా దొరికిందట. "మీ నాయనది అక్కా. సముద్రం కాడికి పోయేది నిలిపేసినప్పుడు మా నాయన చేతికిచ్చినాడంట. నీ దగ్గర ఉండాల్సిందని తెచ్చినా," అంటూ టేబుల్ మీద పెట్టింది. మూత ఒక పట్టాన రాలేదు. గరిటె కాడ దూర్చి పైకి లేపితే ఉప్పు, తుప్పు, ఎప్పటిదో చేప నీచు కలిసి ఒక్కసారి ముక్కుకు కొట్టాయి. దేవకి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను పెట్టుకోలేదు. లోపల రెండు చెక్కముక్కలు, వాటికి చుట్టిన రెండు గాలపు తాళ్ళు ఉన్నాయి. ఒకటి వాడి వాడి పసుపెక్కి బిరుసుగా ఉంది. రెండోది నిన్న చుట్టినట్టు ఉంది, ఈకలు కూడా చెదరలేదు. రెండూ నేను కట్టినవే. కాఫీ పెడతానని చెప్పి వంటింట్లోకి పోయాను.

ఈకల గాలం అంటే తెలియనివాళ్ళు ఉంటారు కాబట్టి చెప్పాలి. గాలానికి ఎర గుచ్చితే చేప వస్తుందని అందరికీ తెలుసు. ఎర లేకుండా, గాలం కాడకి కోడి ఈకలు, రంగు దారం కట్టి నీళ్ళలో గుంజుతూ లాగితే అది చేపపిల్ల ఈదుతున్నట్టు కనిపిస్తుంది. పెద్ద చేప మోసపోయి ఎగబడుతుంది. పొడవాటి నైలాన్ తాడుకి కొమ్మల్లాగా జానెడు జానెడు దారాలు, ఒక్కొక్క దారం చివర ఒక ఈకల గాలం, అలా ఐదు. తాడు కొసన బరువుకి ఇనప నట్టు. అంతే సామాను. ఆదివారం తెల్లవారగానే హార్బరు దగ్గర రాళ్ళ మీద కూర్చునే పదిపన్నెండు మందిలో ఎర లేకుండా వచ్చేవాడు మా నాయన ఒక్కడే. మిగతావాళ్ళు తడిగుడ్డలో రొయ్యలు మూటగట్టుకుని వచ్చేవాళ్ళు. "ఆకలైనోడికి అన్నం పెడితే తినడా? అదేమి గొప్ప?" అనేవాడు నాయన, ఆ మూటల వంక చూసి. మామది కూడా రొయ్యల మూటే. నాయన మాటకి ఎప్పుడూ నవ్వేసేవాడు.

వారంలో మిగిలిన రోజులు నాయనకి వ్యాసర్పాడి రైల్వే యార్డులో పని. వాగన్ల మీద నెంబర్లు వేసేవాడు. ఎంత కడిగినా గోళ్ళ మొదట్లో తెల్లరంగు పోయేది కాదు. ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కుని, గోడకి ఆనుకుని కూర్చుని, దారం ఒక కొసని కాలి బొటనవేలికి తగిలించి గాలాలు కట్టుకునేవాడు. ఆ గోడకి ఎదురుగా గుమ్మం పక్కన మా అవ్వ, నాయన తల్లి, తనూ కాలి బొటనవేలికి దారం తగిలించి మల్లెపూలు కట్టేది. పొద్దున్నే పోయి విడిపూలు తెచ్చి, పలక మీద తడి గోనెగుడ్డ వేసి పరిచి, సాయంత్రానికి దండలు కట్టి వాషర్‌మెన్‌పేట్ బజారులో అమ్మేది. ఒకటిన్నర గది ఇల్లు మాది. ఆ మూల నుంచి మల్లెల వాసన, ఈ మూల నుంచి కోడీకల నీచు. మంగళవారం, శుక్రవారం అమ్మవారి గుడికి దండ కట్టే రోజులు. ఆ రెండు రోజులూ ఇంట్లో చేపా వండకూడదు, నాయన డబ్బా మూతా తీయకూడదు. తక్కిన రోజుల్లో కూడా ఈక ముట్టుకున్న చేత్తో పూలపలక దగ్గరికి వస్తే అవ్వ ఊరుకునేది కాదు. చింతపండు, పసుపు వేసి చేతులు రుద్దుకుని, వాసన చూపించి, ఆమె సరే అన్నాకే కూర్చోవాలి.

పూలు కట్టడంలో నేను గట్టిదాన్ని. గొప్పలు చెప్పుకుంటోంది అనుకున్నా సరే, ఉన్నమాట చెప్తున్నాను. ఎనిమిదేళ్ళకి మొదలుపెట్టి పన్నెండేళ్ళకి అవ్వతో సమానంగా కట్టేదాన్ని. మల్లెకాడ నీటిబుడగ లాంటిది. ముడి బిగిస్తే కాడ తెగుతుంది, వదులైతే పువ్వు రాలుతుంది. దారం కాడని పట్టుకోవాలి గాని కొరకకూడదు. నా దండలో ఒక్క కాడ తెగేది కాదు. అవ్వ బజారులో తన పక్కన కూర్చునే ఆడవాళ్ళకి నా దండ ఎత్తి చూపించేది. అయితే ఒక్క పని మాత్రం నన్ను చేయనిచ్చేది కాదు, పూలు కొలిచి ఇవ్వడం. మా దగ్గర పూలు మూర లెక్కన అమ్ముతారు, ఎవరు అమ్మితే వాళ్ళ మోచేతి నుంచి వేలి కొస దాకా ఒక మూర. అవ్వది పొడుగు చెయ్యి, అందుకే ఆమె గంప చుట్టూ జనం. "నీ మూర చిన్నది మే. కొంటానికి వచ్చినోళ్ళు పిల్లచేత్తో మోసం చేస్తాండారంటారు. నువ్వు కట్టు, నేను కొలస్తా," అనేది. ఆ మాట పూలకి మాత్రమే అనుకున్నాను.

నాయన చెయ్యి నలిగింది నాకు పన్నెండేళ్ళున్న ఆ ఏడాదే. మునస్వామి మామ మా వీధిలోనే ఒక ఇంట్లోంచి మేడమీది ఇంకో ఇంట్లోకి మారుతున్నాడు. అత్త పుట్టింటివాళ్ళు పెట్టిన ఇనప బీరువా ఒకటి ఉండేది, ఏనుగంత. నాయన కింద నుంచి ఎత్తుతున్నాడు, మామ పైనుంచి లాగుతున్నాడు, మెట్ల మలుపులో బీరువా జారింది. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు గోడకీ బీరువాకీ మధ్య ఇరుక్కున్నాయి. తప్పు ఎవరిదీ కాదు. వేళ్ళు పోలేదు గాని వంగడం మానేశాయి. యార్డులో రంగుపని ఎడమచేత్తో నేర్చుకున్నాడు, రేకు అచ్చు పెట్టి పూయడమే కాబట్టి నడిచింది. అన్నం స్పూనుతో తిన్నాడు. కానీ సన్నదారం పట్టి ఈక కట్టడం ఆ చేత్తో అయ్యేపని కాదు. ఉన్న గాలాలు ఒక్కొక్కటే రాళ్ళలో చిక్కుకుని పోయాయి. ఆఖరుది పోయిన రోజు నాయన డబ్బా మూసి బీరువా పైన, అంటే మా ఇంటి చెక్కబీరువా పైన, చేతికందని చోట పెట్టేశాడు.

ఆ తర్వాత ఏడు నెలలు ఆయన సముద్రం ముఖం చూడలేదు. ఆదివారం ఇంట్లో ఒక మగమనిషి పనిలేకుండా కూర్చుంటే ఒకటిన్నర గది ఎంత ఇరుకవుతుందో నాకు అప్పుడు తెలిసింది. రేడియో పెట్టేవాడు, ఆపేవాడు. అమ్మ చారులో ఉప్పు తక్కువైందని కేకలేసేవాడు, ఎప్పుడూ కేకలేయని మనిషి. మామ ప్రతి ఆదివారం గుమ్మం దాకా వచ్చి, "రారా, సుమ్మా, ఊరికే వచ్చి కూర్చో. నా గాలం ఉండాది కదా, నా రొయ్యలు ఉండాయి," అని బతిమాలేవాడు.

"ఇంకోడు కట్టిన గాలంతో నేను పట్టను. పో," అనేవాడు నాయన, తల ఎత్తకుండా.

"నా బీరువాని తగలెయ్య," అని మామ ఒకసారి మా గుమ్మంలోనే కూర్చుని ఏడ్చాడు. నాయన లేచి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు గాని రాళ్ళ దగ్గరికి మాత్రం పోలేదు. నేను ఆ రోజు అనుకున్నాను, నాయన మళ్ళీ ఆ రాళ్ళ మీద కూర్చోవాలి. నాకు కావలసింది అదొక్కటే. పరీక్షలో మార్కులు వద్దు, దీపావళికి గుడ్డలు వద్దు. దండ కట్టేదాన్ని, గాలం కట్టలేనా అని పొగరు కూడా ఉంది, లేదనను.

నాయన పనికి పోయిన ఒక మధ్యాహ్నం స్టూలు వేసుకుని డబ్బా దించాను. కోడిమాంసం కొట్టులో అడిగితే తెల్ల ఈకలు ఒక సంచీనిండా ఇచ్చాడు, ఎందుకని కూడా అడగలేదు. కాలి బొటనవేలికి దారం తగిలించి ఐదు గాలాలు కట్టాను. ఎంత అందంగా వచ్చాయంటే, ఒక్కొక్క దానికీ అటు రెండీకలు ఇటు రెండీకలు, మధ్యలో ఎర్రదారం, తల్లో పెట్టుకోవచ్చు. నాయన రాగానే పీట మీద వరసగా పెట్టి చూపించాను. ఆయన మొదట డబ్బా ఎందుకు దించావని అరుస్తాడేమో అనుకున్నాను. అరవలేదు. ఒక గాలం ఎడమచేత్తో తీసి, కిటికీ వెలుతురులో తిప్పి చూసి, బక్కెట్ నీళ్ళలో ముంచి నాలుగుసార్లు ఆడించాడు. ఈకలన్నీ ఒకదానికొకటి అతుక్కుని గడ్డిపరకలా అయిపోయాయి. తర్వాత ఒక ఈకని పళ్ళతో పట్టుకుని లాగాడు. నాలుగీకలూ ఒకేసారి ఊడి ఆయన మూతికి అంటుకున్నాయి.

"ఇది మల్లెదండ పాపా," అన్నాడు ఈకలు ఊసేస్తూ. "చేప తల్లో పెట్టుకుంటాదా?"

అమ్మ నవ్వింది, అవ్వ నవ్వింది, ఆ వేళకే వచ్చిన మామ కూడా నవ్వాడు. నాకు కోపం ముక్కు మీదే ఉండేది, ఇప్పటికీ అక్కడే ఉంది. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. నాలో ఏది అన్నిటికంటే గొప్ప అని ఊరంతా చెప్పుకునేవాళ్ళో, ఆ తేలికచెయ్యే ఇక్కడ తప్పయింది. అదే నాకు ఎక్కువగా తగిలింది. మూడోరోజు సాయంత్రం గాలం, దారం తీసుకుని నాయన ముందు కూర్చున్నాను. "యాడ తప్పో చెప్పు," అన్నాను.

పాపం, ఆయనకి చెప్పడం తెలియదు. ఆయన చేతులకి తెలుసు, నోటికి తెలియదు. "ఇట్లా చుట్టి… అట్లా తిప్పి…" అని మొదలుపెట్టి, ఆ కొయ్యబారిన వేళ్ళతో దారం పట్టుకోబోయి జారవిడిచాడు. మళ్ళీ పట్టుకున్నాడు, మళ్ళీ జారింది. మూడోసారికి ముఖం ఎర్రబడింది, లేచి వాకిట్లోకి పోయి వీధి వైపు తిరిగి నిలబడ్డాడు. కాసేపటికి తిరిగొచ్చి నా ఎదుట కూర్చుని, ఆ వంగని చూపుడువేలు నా ముందుకి చాచాడు.

"గాలం పక్కన పెట్టు. దీనికి కట్టు."

"నొస్తాది నాయనా."

"దానికి నొప్పి తెలీదులే. చుట్టు. ఇప్పుడు లాగు. అదేంది, చీమని కట్టేస్తాండావా? ఇంకా లాగు. ఇంకా." టప్‌మని దారం తెగింది. నేను భయపడి చూశాను. నాయన నవ్వుతున్నాడు, ఏడు నెలల తర్వాత. "ఆ! అదీ. తెగే ముందు ఒక చోటు ఉండాది చూడు, దారం ఒకరకంగా బిగుస్తాది. ఆ చోటు దాకా పోవాల, దాటగూడదు. అది నోటితో చెప్పేది కాదు, తెంపి తెంపి తెలుసుకోవాల. తెంపు."

పూలు కట్టే ఇంట్లో దారం తెంపడమంటే ఎంత అపచారమో బయటివాళ్ళకి తెలియదు. అవ్వ దారాన్ని పళ్ళతో కూడా కొరికేది కాదు, దండ పూర్తయితే బ్లేడుతో మెల్లగా కోసేది. అమ్మవారి మెడలో పడాల్సిన దారం మధ్యలో తెగితే ఆ దండ పక్కన పెట్టేసి ఇంకోటి మొదలుపెట్టేది. అలాంటి మనిషి ఎదురుగా కూర్చుని నేను టప్, టప్ అని తెంపుతున్నాను. ఒక్కో చప్పుడికీ ఆమె భుజాలు అదిరేవి. "ఏం పని రా ఇది, ఆడపిల్ల చేత ఇట్లా తెంపిస్తావా ఇంట్లో? ఒసే తల్లీ, ఇంక చాలు నిలుపు మే!" అని మొత్తుకునేది. నాయన వినలేదు, నేనూ వినలేదు. నాలుగో రోజున అవ్వ పూలపలక, గోనెగుడ్డ ఎత్తుకుని వాకిట్లోకి మకాం మార్చింది. పోయే ముందు, "అమ్మోరి దండ ఇంక నువ్వు కట్టొద్దు," అంది. ఆమె మాటలో న్యాయం ఉంది. అంతకు ముందు రోజే నా దండలో మూడు కాడలు తెగాయి, చెయ్యి బిగువు మరిగింది. అవ్వ చూపించి మురిసిన చెయ్యిని నేనే పాడుచేసుకుంటున్నానేమోనని నాకూ దిగులు పట్టుకుంది. అయినా ఆపలేదు.

పది పన్నెండు రోజులకి ఆ చోటు దొరికింది. ఎలా దొరికిందో నేనూ చెప్పలేను. దారం వేలి కింద ఒకరకంగా గట్టిపడుతుంది, అంతే, అక్కడ ఆగాలి. ఈకలు మార్చాను. కొట్లో తెల్లకోడి ఈక కాదు, నాటుపుంజు మెడ ఈక కావాలని నాయన చెప్పాడు. అది సన్నగా, పొడుగ్గా ఉంటుంది, నీళ్ళలో అతుక్కోదు, తీసిన వెంటనే విచ్చుకుంటుంది. ముడి మీద పూయడానికి పండగకి కొనుక్కున్న నా ఎర్ర నెయిల్ పాలిష్ వాడాను. ముడి విడిపోదు, పైగా చూడటానికి చేప తలలా ఉంటుంది. ఇది నాయన చెప్పింది కాదు, నా సొంత తెలివి. ఇంకోటి మాత్రం అవ్వది. ఒక సాయంత్రం వాకిట్లోంచి లోపలికి వచ్చి, పెళ్ళిదండలకి చుట్టే వెండి జరీదారం ఉండ నా ఒళ్ళో పడేసింది. "దాని కాడకి ఇది చుట్టు. అమ్మోరి మెడలో మెరిసేది, ఆ నీళ్ళలో మెరవదా?" అని, నేను ముఖం చూడకముందే వెళ్ళిపోయింది. కొత్తగా కట్టిన ఐదు గాలాలూ నాయన బక్కెట్‌లో ముంచాడు, ఆడించాడు, పళ్ళతో పట్టి లాగాడు. ఒక్క ఈక ఊడలేదు. గడ్డం చేసుకోవడానికి వాకిట్లోకి పోతూ, "తాడుకి ఎక్కించు. మూర మూరకీ ఒక గాలం," అన్నాడు. ఆయన ఎడమచేత్తో గాట్లు పెట్టుకుంటూ గడ్డం గీసుకుంటుంటే నేను లోపల మోచెయ్యి నేలకి ఆనించి, వేలి కొస దాకా తాడు చాచి, మూర మూరకీ ఒకటి ఎక్కించాను.

మర్నాడు ఆదివారం. తెల్లవారకముందే నాయన లేచి, తాడు చుట్టిన చెక్క సంచీలో పెట్టుకున్నాడు. నేను దుప్పటిలోంచి చూస్తున్నాను. "లెయ్, నువ్వూ రా," అన్నాడు. అమ్మ పొయ్యి దగ్గరినుంచి గయ్యిమంది. "ఎదిగిన పిల్లని ఆ మొగోళ్ళ మధ్యకి తీసకపోతావా?" నాయన చెప్పులు వేసుకుంటూ, "కట్టినోళ్ళు చూడొద్దా?" అన్నాడు. అమ్మ నన్ను పైనుంచి కిందిదాకా చూసి, తన పాత చీరముక్క తెచ్చి నా చెవుల చుట్టూ చుట్టి, "రాళ్ళు జారతాయి, జాగ్రత్త," అంది.

మామ మమ్మల్ని చూసి రొయ్యల మూట కింద పడేసుకున్నాడు. తక్కినవాళ్ళు జరిగి నాయన పాత రాయి ఖాళీ చేసి ఇచ్చారు. నాయన ఎడమచేత్తో విసరడం అదే మొదలు. మొదటిసారి నట్టు పోయి పక్క రాయికి కొట్టుకుంది. ఎవరో నవ్వి, వెంటనే దగ్గు నటించారు. రెండోసారి రెండు గాలాలు ఒకదాన్నొకటి పెనవేసుకుని వచ్చాయి. నాయన ఆ చిక్కు చూశాడు, నా వంక చూశాడు, మళ్ళీ చిక్కు చూశాడు. "ఈ పొద్దు గాలి శానా ఉండాది," అని, కూర్చుని ఆ వంగని వేళ్ళతో మెల్లగా విడదీశాడు. ఈ రోజు చేప పడకపోతే ఆయన ఇంక ఈ రాతి మీదికి రాడు, నాకు బాగా తెలుసు. మూడోసారి విసిరాడు. నట్టు దూరంగా పడింది. ఎడమచేత్తో గుంజి గుంజి లాగుతున్నాడు. సగం లాగాక తాడు ఆగింది. రాయికి చిక్కిందనుకున్నాను. అది కదిలింది. నాయన తాడుని కుడి మణికట్టుకి ఒక చుట్టు వేసుకుని రెండు చేతులతో లాగితే, నీళ్ళు తెల్లగా మరిగి, నాలుగు కానాగంతలు ఒకే తాడు మీద తపతపా కొట్టుకుంటూ పైకొచ్చాయి. ఐదు గాలాలకి నాలుగు చేపలు, ఒక్కొక్కటీ నా మోచేతి అంత.

నేను అరిచిన అరుపు హార్బరంతా వినపడి ఉంటుంది. జనం చుట్టూ చేరారు. ఆ తాడు ఎత్తి చూసి, "ఎవురు కట్టింది ఇది? యాడ కొన్నావు?" అని ఒకాయన అడిగాడు. నాయన చేపనోట్లోంచి గాలం విడిపించి, అందరూ చూస్తుండగా ఈకని పళ్ళ మధ్య పెట్టి లాగాడు. ఊడలేదు. ఇంకా లాగాడు. గాలమే వంగేటట్టుంది గాని ఈక రాలేదు. అప్పుడు మామ వైపు తిరిగి, రాళ్ళ మీది వాళ్ళంతా వినేటంత గట్టిగా, "మా వసంత కట్టిందిరా!" అన్నాడు. మామకి ఏడుపు ఆగలేదు, ముక్కు తుడుచుకుంటూనే నా తల నిమిరాడు, ఆయన చేతులనిండా రొయ్యల కంపు. ఆ తర్వాత నాకు చదువులో బహుమతులు వచ్చాయి, తెలుగు టీచరుగా మంచిపేరూ వచ్చింది, ఎన్నోసార్లు నా పేరు మైకులో పిలిచారు. అంత గట్టిగా, అంత బాగా ఎప్పుడూ ఎవరూ పిలవలేదు.

ఆ ఏడాదంతా రాళ్ళ మీది వాళ్ళకి విడి గాలాలు కట్టిచ్చాను, తాడు ఎవరిది వాళ్ళే తెచ్చుకునేవాళ్ళు. వాటిని వసంత గాలం అని పిలిచేవాళ్ళు. అవ్వ దగ్గర మళ్ళీ పలక ముందు కూర్చోవడానికి నాలుగు నెలలు పట్టింది. ఎప్పుడు బిగించాలో, ఎప్పుడు వదలాలో చేతికి రెండూ తెలిశాక, అమ్మవారి దండ కూడా మళ్ళీ నా చేతికి వచ్చింది. నాయన ఒక్క ఆదివారం మానలేదు. ఇంటికి రాగానే చేపలు అమ్మకిచ్చి, తాడు నాకిచ్చి, పాడైన ఈకలు మార్చమనేవాడు. మధ్యమధ్య ఆలస్యమయ్యేది. "గాలి శానా ఉన్నింది పాపా, చిక్కులు తీసేసరికి పొద్దెక్కింది," అనేవాడు. నాకూ అలవాటైపోయింది, ఆ రాళ్ళ దగ్గర గాలి ఎక్కువని. నేను ఉద్యోగంలో చేరిన ఏడాది, ఆ పాతతాడు బిరుసెక్కిందని, మంచి నైలాన్ కొని, నా చేతనైనంత శ్రద్ధగా కొత్తది కట్టిచ్చాను. నాయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "శానా బాగుండాది," అని డబ్బాలో దాచుకుని, మర్నాడు మళ్ళీ పాతదే తీసుకుపోయాడు. "ఇది చేతికి అలవాటైపోయిందిలే," అన్నాడు. కొత్తది పాడవుతుందని పొదుపు చేస్తున్నాడనుకుని నవ్వుకున్నాను.

ఇప్పుడు ఈకల గాలాలు ప్లాస్టిక్ కవర్లలో రెడీగా దొరుకుతున్నాయి. దేవకి కొడుకు వాడే ప్యాకెట్ ఒకటి ఆమె సంచీలోనే ఉంటే అడిగి చూశాను. మిషను కట్టిన ముళ్ళు, రంగుల ఈకలు, గాలానికీ గాలానికీ మధ్య దూరం గీత గీసినట్టు సమానం. పిల్లవాడు పొద్దున కొని సాయంత్రానికి చేప పట్టవచ్చు, ఎవరి తిట్లూ తినక్కర్లేదు, ఎవరి వేలికీ దారం చుట్టక్కర్లేదు. మంచిదే. నాకేమీ బాధ లేదు. కాకపోతే ఒక ఈక పట్టుకుని కాస్త లాగాను, చేతిలోకి వచ్చేసింది. దేవకికి చూపించకుండా కవరులో పెట్టేశాను.

ఆమె వెళ్ళిపోయాక రెండు తాళ్ళూ విప్పి నేల మీద పక్కపక్కన పరిచాను. ఎందుకో మొదట కొత్తదాని పక్కన నా మోచెయ్యి ఆనించాను. మొదటి గాలం దగ్గర మోచెయ్యి, సరిగ్గా రెండో గాలం దగ్గర వేలి కొస. మూర మూరకీ ఒకటి, ఐదూ సమానం, నా పని నాకే ముచ్చటేసింది. తర్వాత పాతదాని పక్కన చెయ్యి పెట్టాను. రెండో గాలం నా వేలి కొస దాకా రాలేదు, వేళ్ళ మొదట్లోనే ఆగిపోయింది. మూడోది కూడా. నాలుగోది కూడా. జానెడు దారం మీద వేలాడే గాలం పక్కదాన్ని అందుకోవడానికి అంత దగ్గర చాలు. అది పన్నెండేళ్ళ పిల్ల మూర. అవ్వ పూలు కొలవనివ్వని మూర.

ముడి వదులైతే అందరి ముందూ ఈకలు ఊసేసిన మనిషి, ముఖం మీదే మల్లెదండ అన్న మనిషి, ఈ ఒక్క తప్పు మాత్రం నాకు చెప్పలేదు. మొదటిరోజే చూశాడు. తాడు చూసి, నన్ను చూసి, మళ్ళీ తాడు చూశాడు. ఆ తర్వాత పదేళ్ళకి పైగా ప్రతి ఆదివారం ఆ వంగని వేళ్ళతో నా చిక్కులు విప్పుకుంటూ కూర్చుని, ఇంటికి వచ్చి నేరం గాలి మీద వేశాడు. సరైన తాడు చేతికిచ్చినా డబ్బాలో పెట్టుకుని, ఆ తప్పుమూరనే పట్టుకుపోయాడు. ఆ రాళ్ళ దగ్గర అంత గాలి ఎప్పుడూ లేదు.

పాతతాడులో రెండో గాలానికి ఎర్రరంగు పెచ్చులూడి, జరీ నల్లబడి, రెండీకలు మాత్రం మిగిలాయి. దాన్ని తీసుకుని ఒక ఈకని పళ్ళ మధ్య పెట్టి లాగాను. ఉప్పు రుచి వచ్చింది. ఇంకా గట్టిగా లాగాను. ఊడలేదు.